క్లీన్ నుంచి డ్రైవ్‌కి మారని గిటార్ యాంప్: తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

"డ్రైవ్ వస్తలేదన్నా" అంటూ యాంప్ తెచ్చి బల్ల మీద పెడితే నేను ముందు మూత విప్పను. (యాంప్‌లో శుభ్రమైన శబ్దం ఇచ్చే ఛానల్‌ని క్లీన్ అని, గరుకుగా పగిలిన శబ్దం ఇచ్చేదాన్ని డ్రైవ్ అని అంటారు.) రెండే ప్రశ్నలు అడుగుతాను. స్విచ్ నొక్కితే లైటు మారుతోందా? లోపల టక్ మని చప్పుడు వస్తోందా? సగం రిపేరు ఈ రెండు జవాబుల్లోనే ఉంటుంది.

ఎందుకంటే ఛానల్ మార్చే సర్క్యూట్‌లో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. ఒకటి ఆర్డరు వెళ్లడం: ఫుట్‌స్విచ్ (కాలితో నొక్కే పెడల్), ముందు ప్యానెల్ మీది బటన్, చిన్న వోల్టేజీ సప్లై, ఒక ట్రాన్సిస్టర్, రిలే (కాయిల్‌కి కరెంటు ఇస్తే కాంటాక్టులు మారే స్విచ్) కాయిల్. రెండోది దారి మారడం: రిలే కాంటాక్టులు, లేదా వాటి బదులు వాడిన ఎల్‌డీఆర్ (వెలుగు పడితే ఓమ్‌లు తగ్గే పార్టు), ఫెట్ (స్విచ్‌లా వాడే ఒక రకం ట్రాన్సిస్టర్), ఐసీ. గిటార్ సిగ్నల్ నడిచేది ఈ రెండో భాగంలోనే. ఆర్డరు వైపు తప్పుంటే దారి వైపు ఎన్ని పార్టులు మార్చినా ఉపయోగం లేదు. మా దగ్గరికి వచ్చే చాలా బోర్డుల మీద అప్పటికే ఎవరో మంచి ఐసీలు పీకి కొత్తవి వేసి ఉంటారు. అసలు తప్పు మాత్రం సప్లైలోని ఒక రెసిస్టర్ కాలు దగ్గర అలాగే ఉంటుంది.

కాబట్టి ముందు ఏ వైపో తేల్చండి. లైటు మారదు, టక్ మనదు అంటే ఆర్డరు వైపు చూడాలి. లైటు మారుతుంది, టక్ మంటుంది, శబ్దం మాత్రం మారదు అంటే దారి వైపు. లైటు మారి టక్ మనకపోతే ఆర్డరు వైపు చివర్లో, అంటే ట్రాన్సిస్టర్ లేదా కాయిల్. ఒక హెచ్చరిక: మీ యాంప్‌లో అసలు రిలేలే లేకపోతే టక్ మనదు, అది తప్పు కాదు.

స్క్రూడ్రైవర్ పట్టకముందు

మొదట ఫుట్‌స్విచ్‌ని పక్కన పెట్టి ముందు ప్యానెల్ బటన్‌తో మార్చి చూడండి. బటన్‌తో మారుతుంటే తప్పు పెడల్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది, యాంప్‌ని ఇబ్బంది పెట్టకండి. బటన్‌తోనూ మారకపోతే ఫుట్‌స్విచ్ జాక్‌ని అనుమానించాలి. చాలా యాంపుల్లో పిన్ గుచ్చగానే ప్యానెల్ బటన్ పని ఆగిపోయేలా జాక్ లోపల ఒక చిన్న కాంటాక్టు ఉంటుంది. అది తుప్పు పట్టినా, వంగినా, పిన్ తీసేశాక కూడా లోపల పిన్ ఉన్నట్టే ఉంటుంది. ఏదైనా పీ38 పిన్‌ని (గిటార్ కేబుల్ కొసన ఉండే లావు పిన్) అందులో పదిసార్లు గుచ్చి తీయండి. ఆ తర్వాత బటన్ పనిచేయడం మొదలైతే జాక్ దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనర్ పిన్ మీద కొట్టి గుచ్చాలి, జాక్‌లోకి డబ్బా ఖాళీ చేయకూడదు. కాకినాడ, విశాఖ వైపు నుంచి వచ్చే యాంపుల్లో ఈ తప్పు ఎక్కువగా చూస్తాను. సముద్రపు గాలికి నికెల్ పూత ఎంతో కాలం నిలవదు.

మీ ఫుట్‌స్విచ్ మామూలు రెండు తీగలదైతే ఒక మోనో పీ38 పిన్ తీసుకుని దాని కొసనీ ఒంటినీ చిన్న తీగతో కలిపి సోల్డర్ చేసుకోండి. పెడల్ చేసే పని ఇంతే, కొసని గ్రౌండ్‌కి కలపడం. ఈ డమ్మీ పిన్ గుచ్చితే ఛానల్ మారి, తీస్తే వెనక్కి వచ్చిందంటే యాంప్ బాగుంది. పెడల్ విప్పి లోపలి స్విచ్‌ని మీటర్ బీప్‌తో చూసుకోండి. కొన్ని పెడల్స్‌లో ఎల్‌ఈడీని స్విచ్‌తో వరసలో పెడతారు, ఆ ఎల్‌ఈడీ పోతే పెడల్ మొత్తం పోతుంది. ఇంకో సంగతి, ఒకసారి నొక్కితే అలాగే నిలిచే స్విచ్ వేరు, నొక్కినంతసేపే కలిసి ఉండేది వేరు. రెండో రకం కావాల్సిన యాంప్‌కి మొదటి రకం పెడల్ కలిపితే "రెండుసార్లు నొక్కితేగానీ మారదు" అనే ఫిర్యాదు వస్తుంది. అది రిపేరు కాదు, పెడల్ మార్చుకోవడమే.

తర్వాత రివర్బ్ (ప్రతిధ్వని ఇచ్చే భాగం) సంగతి అడగండి. రివర్బ్ కూడా నీరసించిందా? ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్టులు కలిపే దారి) కూడా పోయిందా? ఆ ఐసీలకూ ఛానల్ స్విచింగ్‌కూ చాలా యాంపుల్లో ఒకే చిన్న సప్లై ఉంటుంది. రెండూ కలిసి చెడితే వేరే ఆలోచన అక్కర్లేదు, నేరుగా సప్లైకే వెళ్లాలి.

లైటు మారి, టక్ మని, డ్రైవ్ మాత్రం మూగగా ఉంటే ట్యూబ్ యాంపుల్లో ఇంకో అవకాశం ఉంది. డ్రైవ్ ఛానల్‌కి అదనపు గెయిన్ ఇచ్చే 12ఏఎక్స్7 ట్యూబ్ సగం చచ్చి ఉండొచ్చు. ఒక్కో 12ఏఎక్స్7లో రెండు విడి భాగాలు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది నడుస్తుంది. అందుకే క్లీన్ బాగుండి డ్రైవ్ ఒక్కటే పోతుంది. యాంప్ ఆపి, ట్యూబులు చల్లారాక, మంచిదని తెలిసిన ట్యూబ్‌ని ఒక్కో ప్రీయాంప్ సాకెట్‌లో మార్చి చూడండి. ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసి బోర్డు విప్పడం దండగ.

మూత తీసేముందు

ట్యూబ్ యాంప్‌లో ప్లేట్ సప్లై (ట్యూబులకి వెళ్లే పెద్ద వోల్టేజీ) 300 నుంచి 500 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలిచి ఉండొచ్చు. ప్లగ్ తీశాక మీటర్‌ని డీసీ 1000 రేంజ్‌లో పెట్టి, నల్ల వైరు ఛాసిస్‌కి క్లిప్ చేసి, పెద్ద కండెన్సర్ మీద కొలవండి. ఇంకా వోల్టేజీ ఉంటే 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌కి బాగా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు కట్టి దించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ కొట్టడం హీరోయిజం అనుకునేవాళ్లున్నారు. దానివల్ల కండెన్సర్‌కీ నష్టమే, కంటికీ ప్రమాదమే. కొలిచి, 5 వోల్టుల లోపుకి వచ్చిందని కళ్లారా చూశాకే చెయ్యి పెట్టండి. ఆన్ చేసి కొలవాల్సి వచ్చినప్పుడు నల్ల వైరు ఛాసిస్‌కి క్లిప్‌తోనే ఉండాలి, ఒక్క చేత్తోనే కొలవాలి. స్పీకర్ కలపకుండా ట్యూబ్ యాంప్‌ని ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మొదటిసారి ఆన్ చేసేది సిరీస్ బోర్డు (యాంప్‌కి వరసలో బల్బు ఉండే ప్లగ్ బోర్డు) మీదే, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో. బల్బు గట్టిగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉంది, ఛానల్ సంగతి తర్వాత. బల్బు వరసలో ఉన్నంతసేపు వోల్టేజీలు తక్కువగా చూపిస్తాయి. అంతా బాగుందనిపిస్తే బల్బు తీసేసి అప్పుడు కొలతలు రాసుకోండి. మీ సాకెట్ మూడో పిన్‌కి ఎర్త్ నిజంగా ఉందో లేదో ముందే చూసుకోండి. చాలా ఇళ్లలో రంధ్రం ఉంటుంది గానీ తీగ ఉండదు.

వీటిలో ఏ ఒక్కటి కొత్తగా అనిపించినా పైన చెప్పిన బయటి పరీక్షల దగ్గరే ఆగి, యాంప్‌ని తెలిసినవాళ్లకి ఇవ్వండి.

సప్లై నుంచి మొదలు

లోపల అన్నిటికంటే ముందు చిన్న సప్లైని కొలుస్తాను. రిలేలకి 5, 12 లేదా 24 వోల్టులు, ఫెట్లూ ఐసీలూ ఉంటే ప్లస్ 15, మైనస్ 15 దగ్గర్లో రెండు సప్లైలు కనిపిస్తాయి.

ప్లస్ మైనస్ 15 చేసే చౌక పద్ధతి ఒకటుంది. 45 వోల్టుల దరిలో ఉన్న సప్లైని 470 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ గుండా తెచ్చి, వోల్టేజీని ఒక స్థాయిలో ఆపే జీనర్ డయోడ్‌తో కట్టేస్తారు. లెక్క వేయండి: 30 వోల్టులు రెసిస్టర్ మీద పడుతున్నాయి, అంటే 64 మిల్లీ ఆంపియర్లు, దాదాపు 2 వాట్ల వేడి, యాంప్ ఆన్‌లో ఉన్నంతసేపూ. 5 వాట్ల రెసిస్టర్‌కి అది హాని చేయదు. దాని కాళ్ల దగ్గరి సోల్డర్‌కి చేస్తుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, కాలు చుట్టూ సన్నని ఉంగరంలా పగులు వస్తుంది. బోర్డు అక్కడ గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. ఈ మధ్య ఒక చర్చి బ్యాండ్ వాళ్ల 40 వాట్ల కాంబో ఇలాగే వచ్చింది. ఆన్ చేసిన అరగంట దాకా బాగుంటుంది, ఆరాధన మధ్యలో క్లీన్‌కి పడిపోతుంది, రివర్బ్ కూడా మాయం. చల్లగా ఉన్నప్పుడు మైనస్ 15 సరిగ్గా ఉంది. వేడెక్కాక మైనస్ 3. రెసిస్టర్‌ని ప్లాస్టిక్ పుల్లతో కదిపితే సప్లై వచ్చి పోతోంది. పాత సోల్డర్ పూర్తిగా పీల్చేసి, బోర్డు గీకి రాగి బయటపెట్టి, రెసిస్టర్‌ని బోర్డుకి సెంటీమీటరు పైకి లేపి వేశాం. పాత సోల్డర్ మీదే కొత్తది పూస్తే కొన్ని నెలలే నడుస్తుంది.

రెండో రకం సప్లై ట్యూబుల ఫిలమెంట్ కోసం ఉన్న 6.3 వోల్టుల వైండింగ్ నుంచి తీస్తారు. బ్రిడ్జి పెట్టి, కండెన్సర్ పెట్టి, 7805 (5 వోల్టులు స్థిరంగా ఇచ్చే రెగ్యులేటర్) పెడతారు. 6.3 ఏసీ శిఖరం 8.9 వోల్టులు, బ్రిడ్జి డయోడ్లు 1.4 తినేస్తే మిగిలేది 7.5. 7805కి లోపలికి కనీసం 7 కావాలి. అంటే అరవోల్టు మాత్రమే మిగులు. ఫిల్టర్ కండెన్సర్ కాస్త ఎండిపోయినా రిపుల్ (డీసీ మీద మిగిలిన ఏసీ అల) లోయల్లో రెగ్యులేటర్ జారిపోతుంది, రిలే గజగజలాడుతుంది లేదా స్పీకర్‌లో హమ్ వస్తుంది. ఎండాకాలం ఊళ్లలో కరెంటు 190, 200కి దిగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఇక్కడ రిలే స్వభావం ఒకటి తెలుసుకోవాలి. అది కొత్తగా లాక్కోవడానికి దాని రేటింగ్‌లో 70, 75 శాతం కావాలి, లాక్కున్నాక నిలబడటానికి అంతకంటే చాలా తక్కువ చాలు. అందుకే "ఒకసారి డ్రైవ్‌లోకి వెళ్తే ఉంటుంది, క్లీన్‌కి వచ్చి మళ్లీ వెళ్లదు" అని ఎవరైనా అంటే నేను రిలేని కాదు, వోల్టేజీని అనుమానిస్తాను. వెనక వోల్టేజీ సెలెక్టర్ 240 మీద ఉందా 220 మీద ఉందా అన్నదీ చూడండి. డీసీ కొలిచాక మీటర్‌ని ఏసీకి మార్చి అదే చోట కొలవండి. రెగ్యులేటర్ బయటి వైపు కొన్ని మిల్లీవోల్టులకు మించి ఏసీ కనిపిస్తే కండెన్సర్ మార్చాల్సిందే.

ట్రాన్సిస్టర్, రిలే

సప్లై బాగుంటే ట్రాన్సిస్టర్‌కి వెళ్దాం. రిలే కాయిల్ ఒక కొస సప్లైకి, రెండో కొస బీసీ547 లాంటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి ఉంటుంది. స్విచ్ నొక్కి బేస్ మీదా కలెక్టర్ మీదా కొలవండి. ఆన్‌లో బేస్ 0.65 దగ్గర, కలెక్టర్ 0.2 దగ్గర ఉండాలి. బేస్ 0.65 ఉన్నా కలెక్టర్ సప్లై వోల్టేజీ దగ్గరే నిలబడితే ట్రాన్సిస్టర్ ఓపెన్. బేస్ సున్నా ఉన్నా కలెక్టర్ 0.2లోనో అంతకంటే తక్కువలోనో ఉంటే రెండు కారణాలు: ట్రాన్సిస్టర్ షార్ట్, లేదా కాయిల్ తెగింది. కాయిల్ తెగితే సప్లై వోల్టేజీ కలెక్టర్ దాకా చేరదు కదా. ప్లగ్ పీకి కాయిల్ ఓమ్‌లు కొలిస్తే ఏదో తేలిపోతుంది. 12 వోల్టుల చిన్న రిలేకి కొన్ని వందల ఓమ్‌లు, 5 వోల్టులదానికి వంద, రెండు వందల దరిలో ఉంటాయి. కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉంటుంది కాబట్టి మీటర్ వైర్లు అటూ ఇటూ మార్చి చూసి ఎక్కువ చూపించినదాన్ని తీసుకోండి.

ఆ డయోడ్‌ని చూడకుండా ట్రాన్సిస్టర్ మార్చవద్దు. కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు వచ్చే వోల్టేజీ దెబ్బని కాసేది అదే. అది ఓపెన్ అయితే కొత్త ట్రాన్సిస్టర్ ఎక్కువ రోజులు నిలవదు. షార్ట్ అయితే మొదటి నొక్కుకే పోతుంది. 1ఎన్4007 డయోడ్‌కి అయ్యేది కొద్ది రూపాయలే, అనుమానం ఉంటే రెండూ కలిపి మార్చేయండి.

కాయిల్ టక్ మంటున్నా డ్రైవ్ సన్నగా, గరగరగా వస్తుంటే కాంటాక్టులు చెడ్డాయి. రిలేని బోర్డు నుంచి తీసి, దాని కాయిల్ వోల్టేజీ ఇచ్చి (12 వోల్టులదైతే పాత రౌటర్ అడాప్టర్ చాలు), కాంటాక్టుల మధ్య ఓమ్‌లు కొలవండి. ఒక ఓమ్ లోపు ఉండాలి, ప్రతిసారీ అదే రావాలి. ఒకసారి 0.2, ఇంకోసారి 40 చూపిస్తే రిలే మార్చండి.

ఇక్కడ కోఠి గుజరాతీ గల్లీలో కొనేవాళ్లకి ఒక మాట. అక్కడ ఏ షాపులో రిలే అడిగినా ముందు చేతిలో పెట్టేది నీలం డబ్బా, 10 ఆంపియర్లది. మోటారుకి అది బంగారం, గిటార్ సిగ్నల్‌కి పనికిరాదు. దాని వెండి మిశ్రమం కాంటాక్టుల మీద పేరుకునే పొర పెద్ద కరెంటు పారితేనే చీలుతుంది. మిల్లీవోల్టుల సిగ్నల్‌కి ఆ శక్తి లేదు. కొత్తగా వేసినప్పుడు బాగానే ఉంటుంది, కొన్నాళ్లకి మళ్లీ గరగర. బంగారు పూత కాంటాక్టులున్న చిన్న సిగ్నల్ రిలే కావాలని అడగండి. పాత రిలే పైన ముద్రించిన నంబరు, కాయిల్ వోల్టేజీ ఫోటో తీసి చూపించండి. 5, 12 వోల్టుల రిలేలు బయటికి ఒకేలా ఉంటాయి, తేడా ఆ ముద్రలో మాత్రమే.

ఎల్‌డీఆర్, ఫెట్, ఐసీ

రిలే లేని బోర్డు మీద నల్లటి చిన్న గొట్టంలాంటి నాలుగు కాళ్ల పార్టు కనిపిస్తే అది ఎల్‌డీఆర్ కప్లర్. లోపల ఒక ఎల్‌ఈడీ, దాని ఎదురుగా వెలుగు పడితే ఓమ్‌లు తగ్గే సెల్ ఉంటాయి. యాంప్ ఆన్‌లో, ఆ ఛానల్‌లో ఉండగా ఎల్‌ఈడీ కాళ్ల మధ్య 1.6 నుంచి 2 వోల్టులు రావాలి. అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తే లోపలి ఎల్‌ఈడీ ఓపెన్. చాలా డిజైన్లలో ఇలాంటి ఎల్‌ఈడీలు మూడు నాలుగు వరసలో ఉంటాయి, ఒక్కోసారి ప్యానెల్ లైటు కూడా అదే వరసలో ఉంటుంది. ఒకటి తెగితే అన్నీ ఆరతాయి. అందుకే లైటు కూడా ఆరిపోయిందంటే భయపడకండి, వరసలో ఎవరి మీద ఎక్కువ వోల్టేజీ పడుతోందో వాడే దోషి.

సెల్ వైపు పరీక్షకి ప్లగ్ పీకి, కండెన్సర్లు దించి, 9 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక కిలో ఓమ్ గుండా ఎల్‌ఈడీకి కరెంటు ఇవ్వండి. 7 మిల్లీ ఆంపియర్లు వెళ్తాయి. సెల్ మెగా ఓమ్‌ల నుంచి కొన్ని వందల ఓమ్‌లకి దిగాలి. దిగకపోతే సెల్ ముసలిదైంది. చుట్టూ ఉన్న రెసిస్టర్లు తప్పు చూపిస్తాయి కాబట్టి సెల్ ఒక కాలు పైకి లేపి కొలవండి. వీటిలో కాడ్మియం ఉంటుంది, యూరప్ ఆంక్షల వల్ల అసలు కంపెనీలవి దొరకడం తగ్గింది. మామూలు ఎల్‌డీఆర్‌కి ఎదురుగా ఎల్‌ఈడీ పెట్టి నల్ల హీట్ ష్రింక్‌లో మూసేసి వాడితే చాలా యాంపుల్లో ఫరవాలేదు. వెలుగు ఏ మాత్రం లోపలికి రాకుండా చూసుకోవాలి, లేకపోతే రెండు ఛానళ్లూ ఒకదాంట్లోకి ఒకటి కారుతాయి.

ఫెట్ బోర్డుల్లో జె111, జె112, జె113 గేట్‌కి సున్నా ఇస్తే కలుస్తాయి, మైనస్ ఇస్తే విడిపోతాయి. జె175 పీ రకం కాబట్టి తిరగబడి ఉంటుంది, ప్లస్ ఇస్తే విడిపోతుంది. రెండు ఛానళ్లూ ఒకేసారి వినిపిస్తుంటే ఆఫ్‌లో ఉండాల్సిన ఫెట్ గేట్ వోల్టేజీ చూడండి. సాధారణంగా గేట్ ముందు 1 మెగా ఓమ్ ఉంటుంది, మీ డిజిటల్ మీటర్ 10 మెగా ఓమ్‌లది కాబట్టి అదే కొంత లాగేసుకుని మైనస్ 15ని మైనస్ 13.6గా చూపిస్తుంది. అది తప్పు కాదు. మైనస్ 2 చూపిస్తే తప్పు. ముందు మైనస్ సప్లై, తర్వాత గేట్ దగ్గరి చిన్న కండెన్సర్ లీకేజీ, ఆఖరికి ఫెట్. కొత్తది వేసేటప్పుడు కాళ్ల వరస డేటాషీట్‌లో చూసుకోండి, అన్ని ఫెట్లకీ ఒకే వరస ఉండదు.

సీడీ4053 లాంటి ఐసీ ఉంటే పని తేలిక. 16వ కాలి మీద ప్లస్, 7వ కాలి మీద మైనస్ లేదా గ్రౌండ్, 6వ కాలి మీద వోల్టేజీ తక్కువగా ఉండాలి, అది పెరిగితే లోపలి స్విచ్‌లన్నీ విడిపోతాయి. బటన్ నొక్కినప్పుడు 9, 10, 11 కాళ్లలో వాడినవి మారుతున్నా శబ్దం మారకపోతే ఐసీ మార్చండి, సాకెట్ వేసి మార్చండి.

మారేటప్పుడు టప్పు మనే శబ్దం

స్విచ్ కాంటాక్టుకి రెండు వైపులా డీసీ సున్నా ఉండాలి. ఎక్కడైనా ఒకటి రెండు వోల్టులు కనిపిస్తే దానికి ముందున్న కప్లింగ్ కండెన్సర్ లీక్ అవుతోంది, ట్యూబ్ యాంపుల్లో అది ఎక్కువగా 0.022 మైక్రోఫారడ్‌ది. 630 వోల్టుల ఫిల్మ్ రకం వేయండి. కండెన్సర్ బాగుంటే గ్రౌండ్‌కి వెళ్లే 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఓపెన్ అయిందేమో చూడండి. అసలు ఏ శబ్దమూ లేని ట్యూబ్ యాంప్ నేను చూడలేదు, చిన్న టప్పుకి బోర్డు చీల్చకండి.

అన్నీ అయ్యాక బోర్డుని ప్లాస్టిక్ పుల్లతో ఊరికే తడుతూ రెండు ఛానళ్లూ వినండి. తర్వాత వెనక మూత పెట్టి, గట్టి వాల్యూమ్‌లో గంటసేపు వాయించమని గిటార్ ఉన్నవాళ్లకే ఇవ్వండి, మధ్యమధ్యలో ఛానల్ మారుస్తూ. వేడీ, స్పీకర్ అదురూ కలిస్తేనే మిగిలిన డ్రై సోల్డర్లు (సరిగ్గా అతకని అతుకులు) బయటపడతాయి. ఆ గంట దాటాక కొలిచిన సప్లై వోల్టేజీలన్నీ, తేదీతో సహా, మాస్కింగ్ టేప్ మీద రాసి ఛాసిస్ లోపల అంటించండి. ఈసారి విప్పేవాళ్లకి పోల్చుకోవడానికి పనికొస్తాయి.